తిమ్మమ్మ కంచె, నా బోరు నీళ్లు

2000వ సంవత్సరంలో మా జవళగిరి పక్క పల్లెలో రాగి పంట ఏనుగుల నోట పడకుండా కళ్లానికి చేరింది. అది తిమ్మమ్మ మొదటి గెలుపు. ఏనుగులు రాకుండా సోలార్ కంచె వేసిన ఫారెస్టోళ్లు వేసి పోయినారు. తీగకు గడ్డి తగిలితే కరెంటు మట్టిలోకి పోతుందని కనిపెట్టింది మాత్రం గొర్రెలు మేపే ఆ మనిషే. ఏడాదంతా కొడవలి పట్టుకొని కంచె పొడుగునా నడిచింది. ఎండను కరెంటు చేసే సోలార్ ప్లేటు మీది దుమ్ము కొంగుతో తుడిచింది.

నేనూ తక్కువోణ్ణి కాదు. ఎనిమిదో క్లాసు చదివినాను. పాల సంఘం పెట్టినాను. ఊరికి మొదటి బోరు వేయించినాను. ఆ బోరే నా తల వంచింది.

2003లో తిమ్మమ్మ కాలు విరిగి మంచాన పడింది. కంచె బ్యాటరీ ఉండే మిషను గది తాళంచెవి, ఎవరూ లేని వేళ నాకిచ్చి, "పెద్దప్పా, బ్యాటరీకి షాపులో క్యాన్లలో అమ్మే ఉప్పులేని నీళ్లే పోయాల. డెంకణికోటలో దొరుకుతాయి" అనింది.

"ఊరంతా తాగే బోరు నీళ్లు దీనికి పనికిరావా? నీ బ్యాటరీ ఏమన్నా కలెక్టరా?"

"కలెక్టరైనా తాగుతాడు పెద్దప్పా, ఇది తాగదు."

నవ్వినాను. రెండు నెలల్లో మూడుసార్లు నా బోరు నీళ్లే పోసినాను.

కంకులు ముదిరే వేళకు కంచె చచ్చింది. తెల్లారి చూస్తే ఏనుగులు తొక్కి పదిళ్ల రాగి నేలమట్టం. తిమ్మమ్మ చేనులో కంకి మిగల్లేదు.

బ్యాటరీని నేనే డెంకణికోటకు మోసినాను. మెకానిక్కు విప్పి చూసి, "పలకలకు ఉప్పు పట్టి చచ్చింది. దీంట్లో బోరు నీళ్లు ఎవరు పోసినారప్పా?" అన్నాడు. బ్యాటరీని మళ్లా భుజానికెత్తుకొన్నాను. పోసింది నేనేనని ఊళ్లో చెప్పలేదు.

పంచాయితీలో, రాగి పోగొట్టుకొన్న అశ్వత్థప్ప లేచి, "ఏనుగుల్ని ఆపే మొగోళ్లు లేరా, ఆడదానికి అప్పజెప్పినాము? మంచాన పడకముందే బ్యాటరీకి నీళ్లు పోయకుండా ఎండబెట్టింది" అన్నాడు.

"పెద్దప్పా, నువ్వు చెప్పు" అని తిమ్మమ్మ నా పక్క తిరిగింది.

నేను తుండుగుడ్డ దులిపి భుజాన వేసుకొన్నాను. అంతే.

ఆ వారమే ఆమె కుంటుకుంటూ బస్సెక్కి హోసూరు గులాబీ తోటల్లోకి కూలికి పోయింది.

ఆ మరుసటి ఏడు, అంటే ఈ ఏడు, కొత్త బ్యాటరీ తెచ్చినాము. దాన్ని ముట్టడానికి ఎవరికీ ధైర్యం లేదు. ఆగస్టులో నేనే హోసూరు పోయి, పూల కట్టల నడుమ నిలబడి ఉన్నది చెప్పినాను. ఆమె కట్ట కట్టడం ఆపలేదు.

"నాకు చెబితే ఏమొస్తుంది పెద్దప్పా? తప్పు నాది కాదని నాకు తెలీదా? యాడ నోరు మూసుకొన్నావో ఆడ చెప్పు."

చెప్పినాను. మళ్లా పంచాయితీ పిలిపించి, అందరి ముందరా, పాల సంఘం అధ్యక్షుడిగా కూర్చునే కుర్చీ పక్కన నిలబడి చెప్పినాను. అశ్వత్థప్ప కూడా తల వంచుకొన్నాడు. ఎవరూ నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

తాళంచెవి మా ఇంటి మేకుకు వేలాడుతోంది. షాపు నీళ్ల క్యాన్లు రెండు మూత తీయకుండా పెట్టినాను. రాగి కంకి పాలుపోసుకొనేలోపల వస్తానని తిమ్మమ్మ కబురు పంపింది. వచ్చే రోజు కూడా చెప్పింది: 2004 అక్టోబరు పది, ఆదివారం.