పదకొండు రోజుల చేతిలెక్క

ఆ రోజుల్లో నాకు రెండింటి మీద అపారమైన నమ్మకం: ఒకటి నా చేతిలెక్క, రెండోది నా మొండితనం. (రెండోది ఇప్పటికీ అలాగే ఉంది, మా ఆయన సాక్షి.) గద్వాలలో మాది మగ్గం ఇల్లు. చేత్తో చేసిందే పని, మిషన్ చేసిందంతా మోసం అని చిన్నప్పుడే తీర్మానించుకున్నాను. ఆ తీర్మానాన్ని వనపర్తిలో ఎమ్మెస్సీ లెక్కల దాకా మోసుకుపోయాను. తంటా అక్కడే వచ్చింది.

ప్రాజెక్టులో నాకొచ్చిన లెక్క ఇది. ఒక చదరపు ఇనుప పలక. ఎడమ, కుడి అంచుల్లో వంద డిగ్రీల వేడి, పైనా కిందా సున్నా. మరి లోపల ఎక్కడెంత? పలకను గళ్ళుగా గీసి, ప్రతి గడికీ చుట్టూ ఉన్న నాలుగు గళ్ళ సగటు వేయాలి. అన్నీ అయ్యాక మళ్ళీ మొదటి నుంచి, అంకెలు కదలడం మానేదాకా. హాస్టల్లో నా పక్క మంచం కోడేరు పిల్ల తన లెక్కను లాప్‌టాప్‌లో సాఫ్ట్‌వేర్‌కు అప్పజెప్పి హాయిగా పల్లీలు తింటోంది. "నీది గూడ ఇయ్యే, చాయ్ తాగొచ్చేలోపల అయితది" అంది. "మాది చేతిపని" అన్నాను ముక్కు ఎగరేసి. పదకొండు రోజులు పట్టింది! కలలో కూడా నాలుగుతో భాగించాను.

మర్నాడు వైవా పరీక్ష అనగా, ఆదివారం నేను గద్వాలలో ఉంటే ఆ పిల్ల లాప్‌టాప్‌తో సహా మా ఇంటికి వచ్చింది. వైవా పోతే ఆర్నెల్ల చదువు పోయినట్టే, ప్రశ్నలడిగే మా సారుకు జాలి అన్నది తెలియదు. "నీ అంకెలియ్యి, బొమ్మన్న గీసిస్త" అంటే సరే కానిమ్మన్నాను. రంగుల బొమ్మ వచ్చింది, వేడికి ఎరుపు, చలికి నీలం. ఎడమ పక్క ఎర్రగా మండిపోతోంది.

"ఏందే, కుడిపక్క గింత సల్లగున్నది?" అంది ఆ పిల్ల.

కుడి అంచుకు వంద బదులు పది వేశానండీ, మొదటి రోజే! ఆ తప్పునే పదకొండు రోజులు ఎంతో శుద్ధంగా సగటు చేశాను. అక్కడే కూలబడి భోరుమన్నాను.

నాయన మగ్గం దిగి వచ్చి చూశాడు. "అంచు తప్పినంక నడుమ ఎంత మంచిగ నేస్తే ఏమొస్తది బిడ్డా?" అన్నాడు. (గద్వాల నేతగాడి కూతురు అంచు తప్పడం! బయట చెప్పుకోకండి.)

"చేత్తోనే చెయ్యాలని చేసిన నాయనా."

"మరి మగ్గమెందుకు పెట్టుకున్నం? సూదితోని ఒక్కో పోగు గుచ్చుకుంట కూసుంటలేం గద!"

కోడేరు పిల్ల పకపకా నవ్వి పదిని వంద చేసింది. రెండు సెకన్లలో సరైన పలక తెరమీదికి వచ్చింది. ఇంకేం, నాకు పూనకం వచ్చింది! ఒక అంచు వేడి తగ్గించి చూశాను, మూడు అంచులు వేడిచేసి చూశాను, గళ్ళు ఇంకా సన్నగా చేసి చూశాను. అన్నం పిలుపులు వినబడలేదు.

మర్నాడు సారు కళ్ళద్దాల మీంచి చూస్తూ, "పలక సరిగ్గా నడుమ ఎంతుంటదమ్మా?" అన్నారు.

"యాభై సార్. రెండంచులు వంద, రెండంచులు సున్నా. నడిమధ్యకు నాలుగూ సమాన దూరమే."

"మరి దీనికి సాఫ్ట్‌వేర్ అవసరం లేకపాయె గద?"

"లేదు సార్. కానీ బొమ్మ చూసేదాకా నాకు తట్టలేదు."

సారు నవ్వారు. ఆయనకు నవ్వడం వచ్చని మా బ్యాచ్‌కు తెలిసింది ఆ రోజే.

ఇప్పుడు నేనూ పిల్లలకు ఆ లెక్కే చెబుతున్నాను, ముందు బొమ్మ చూపించి. ముక్కు ఎగరేసిన ఆ పిల్ల, అంటే అప్పటి నేను, గుర్తొస్తే కోపం రాదు. వేలికంటిన సిరా తుడిచి, "జర తలెత్తి చూడవే పిచ్చిదానా" అనాలనిపిస్తుంది. వింటుందన్న నమ్మకం మాత్రం నాకు లేదు.