ఎర్త్ వైరు కింద పసుపు

మా ఆవిడతో రాజోలు నుంచి వస్తుంటే కాలవగట్టు మీద నా పాత స్పోర్ట్స్ కారులో బ్యాటరీ దీపం వెలిగింది. బండి పక్కకు తీశాను గానీ ఇంజను ఆపలేదు. ఆపితే మళ్లీ స్టార్టవుతుందన్న నమ్మకం లేదు. వాన కమ్ముకొస్తోంది. ఈ బండి కొన్న రోజును తిట్టుకుంటూ బానెట్ ఎత్తి మీటరు పెట్టాను. ఆల్టర్నేటర్ దగ్గర పద్నాలుగు వోల్టులు, బ్యాటరీ దగ్గర పదకొండే. కరెంటు పుడుతోంది, చేరడం లేదు.

ఇక అనుమానించాల్సింది ఇంజనునీ బాడీనీ కలిపే ఎర్త్ వైరునే. గుండె రాయి చేసుకుని ఇంజను ఆపి, దాని బోల్టు విప్పాను. వైరు కింద పసుపు పెచ్చుకట్టి ఉంది.

"ఇదేంటే?" అని మా ఆవిడ మీద అరిచాను.

"దసరా పూజకి మీరే విప్పి తోమేరు కదండీ. తళతళలాడుతుంటే పసుపు బొట్టు పెట్టేను. మీరు చూడకుండా బిగించేసేరు."

పళ్లు నూరుకుంటూ చాకుతో గీకి, బిగించి, తాళం తిప్పాను. మూలిగి మూలిగి అంటుకుంది. దీపం ఆరింది.

"ఇంకెక్కడైనా పెట్టేవా?"

"ఆయ్. బ్రేకులకి ఇంకాస్త ఎక్కువే పెట్టేనండి. ప్రాణాలు నిలబెట్టేవి అవే కదా!"

కాలవ వైపు ఒకసారి చూసి, బండి కదలకముందే బ్రేకు గట్టిగా తొక్కాను.