సైకిల్ స్టాండు కోసం కట్టిన తాడు

పెద్ద సాబు కారు తాడు ముందు ఆగింది. ఆగక తప్పలేదు. యూనివర్సిటీ గేటు దాటగానే వచ్చే మలుపులో, ఇటు గుల్‌మొహర్ చెట్టుకీ అటు కరెంటు స్తంభానికీ అడ్డంగా కట్టిన తాడు అది. దాని వెనక ఆడపిల్లలు చేతులు పట్టుకుని రేల పాట పాడుతున్నారు. డ్రైవరు హారన్ కొట్టాడు. వాళ్లు గొంతు పెంచారు.

సాబు అద్దం దించి హిందీలో ఏమిటిదని అడిగాడు.

"బీజ పండుం, సాబ్! ఏదైనా ఇచ్చి వెళ్లాలి," అంది ముందు నిలబడ్డ పిల్ల, అదే భాషలో.

విత్తనాల పండుగ అన్నమాట. వానలకు ముందు ఈ వైపు ఊళ్లలో ఆడవాళ్లు దారికి అడ్డం కడతారు. వచ్చేపోయే బళ్లవాళ్లు ఎంతో కొంత ఇచ్చి, నవ్వుకుని, ముందుకు పోతారు. సాబు కొత్తగా బదిలీ అయి వచ్చినవాడే అయినా ఆ మాట విని ఉన్నట్టుంది. చిరునవ్వుతో జేబు తడుముకున్నాడు. నోట్లు లేవు. తాడుకి వేలాడదీసిన అట్టముక్క మీది క్యూఆర్ కోడ్‌కి ఫోన్ చూపించాడు. తెర మీద చక్రం తిరుగుతూనే ఉంది. బస్తర్ నెట్‌వర్క్‌కీ పండుగ సెలవే. వెనక ఒక కూరగాయల ఆటో ఆగింది, దాని వెనక ట్రాక్టర్. అందరూ కలిసి హారన్లు మొదలుపెట్టారు.

ముందున్న పిల్ల కారు వెనక సీటులోకి తొంగిచూసింది. అక్కడ అట్టపెట్టెలోంచి కొత్త స్టాండు ఫ్యాను తల బయటికి పెట్టి ఉంది.

"ఏందే, ఎనక పంకా ఉన్నది! అదిచ్చినా సరే అనవే," అంది పక్కపిల్లతో తెలుగులో, తమాషాకి.

ఆ డ్రైవరు తెలుగు వచ్చిన భోపాలపట్నం మనిషని ఎవరికి తెలుసు? నవ్వాపుకోలేక ఆ మాటని హిందీలోకి తిప్పి సాబు చెవిన వేసేశాడు. సాబు ఒక్క క్షణం ఆలోచించాడు. హారన్లు. పాట. ఎండ. "తీసుకోండి, తీసుకోండి!" అని చెయ్యి ఊపాడు. ఫ్యాను దిగింది, తాడు లేచింది, కారు వెళ్లింది.

అప్పుడు క్యాంటీన్ సేఠ్ పరుగెత్తుకుంటూ వచ్చాడు.

"ఓ పిల్లల్లారా! ఎవరి పంకా గుంజిన్రో ఎర్కేనా? మన షెడ్డు పీకమని కాయితం అంటించిన సాబు ఆయనే!"

కారు కోసం స్తంభం నుంచి విప్పి పైకెత్తిన తాడు కొస ఇంకా నా చేతిలోనే ఉంది. ఈ వయసులో నేను నడిరోడ్డు మీద చతికిలబడి నవ్వాను.

ఆ షెడ్డు సంగతి చెప్పాలి. మావాళ్లది వైజాగ్; నేను పుట్టింది కిరండూల్ రైల్వే క్వార్టర్సులో, ఉద్యోగమంతా జగదల్‌పూర్‌లో ఒక హిందీ దినపత్రిక డెస్కు మీద. పని విరమించాక వారానికి రెండు పూటలు యూనివర్సిటీలో పత్రికా రచన పాఠం చెప్పడానికి పిలుస్తున్నారు. పిల్లలకి నేను దీదీని. వాళ్లలో ఒకమ్మాయి, ఇందాక ఫ్యాను అడిగిన పిల్లే, కోంటా దాటాక లోపలి పల్లెది. దోర్లా ఆదివాసీల అమ్మాయి. ఇంట్లో దోర్లీ, బజారులో తెలుగు, క్లాసులో హిందీ. హాస్టల్లో చోటు దొరకలేదు. ఊళ్లో మేనమామ కిరాయికి ఉంటున్న ఒంటి గదిలో అందరితోపాటు తలదాచుకుంటోంది. అక్కడ పుస్తకం తెరిస్తే చంటిపిల్లలు పేజీల మీద కూర్చుంటారు. ఆమె పటవారీ ఉద్యోగం పరీక్షకి తయారవుతోంది. ఈసారి రాకపోతే ఇక చదివించలేమని ఇంటినుంచి మాట వచ్చేసింది. లైబ్రరీ సాయంత్రానికి ముందే మూస్తారు. క్లాసుకీ ఇంటికీ మధ్య ఉన్న గంటలే ఆమె చదువు, ఆ గంటలకి చోటు లేదు.

సైన్సు భవనం వెనక పాత సైకిల్ స్టాండు షెడ్డు ఒకటుంది. ఈ రోజుల్లో సైకిలు ఎవరు తొక్కుతారు? మేకలు పడుకునేవి. ఒక రోజు ఆమె అక్కడ ఒక మేకని ఆనుకుని కూర్చుని భూమి కొలతల లెక్కలు చేసుకోవడం చూశాను. మరుసటి వారం ఇంకో ఇద్దరు. తర్వాత మేకలకే చోటు చాలలేదు.

చందా అడగడానికి ఎవరి దగ్గరా ఏమీ లేదు కాబట్టి ఒక పద్ధతి పెట్టుకున్నారు. ఊరికి వెళ్లినవాళ్లు ఉత్త చేతులతో తిరిగి రాకూడదు. మద్దేడ్ కుర్రాడు బస్సు టాపు మీద వెదురు తడకలు తెచ్చాడు. కండక్టరు వాటికీ టిక్కెట్టు కొట్టబోతే, "అవి నిలబడే వచ్చినయి గదా, సీటు తీస్కోలేదు," అని వాదించాడట. చింతలనార్ వైపు పిల్ల చీపుర్లు తెచ్చింది, ఎవరూ అడక్కుండానే. నేను కిరండూల్ రైల్లో మా అన్నయ్య ఇంటి పాత తలుపు ఒకటి తెచ్చాను. బల్ల అయింది. క్యాంటీన్ సేఠ్ తన కొట్టు నుంచి వైరు లాగి బల్బు ఇచ్చాడు. చాయ్ తన దగ్గరే తాగాలని షరతు. సేఠ్‌వాళ్లూ మన తెలుగువాళ్లే, కోంటా వర్తకుల కుటుంబం. "ఏటి, షరతులు కూడానా?" అని నేనంటే, "మీ వైజాగ్ మాటలకి లొంగను దీదీ, నాది వ్యాపారం," అని నవ్వాడు.

పైన రేకులు మాత్రం చిల్లులే. వానలొస్తే పుస్తకాలు తేలతాయి. అంతలో స్తంభానికి నోటీసు అంటించారు. అనధికార వినియోగం, ఖాళీ చేయించవలెను, కింద ఒక సంతకం. సంతకం చూశారు గానీ మనిషిని సేఠ్ తప్ప ఎవరూ చూడలేదు.

పీకేసే షెడ్డుకి రేకులెందుకని సగం మంది అన్నారు. రేకులుంటే పీకడానికి చెయ్యి రాదని ఆమె అంది. తాడు ఆలోచన కూడా ఆమెదే. అయినా భయపడి ఊళ్లో నాయనమ్మకి ఫోన్ చేసింది. ముసలమ్మ గట్టిగా చెప్పిందట: తాడు ఒక్కరి కోసం కట్టకూడదు, అందరి కోసమైతే కట్టొచ్చు, ఇచ్చినవాళ్లని మాత్రం పిలిచి భోజనం పెట్టాలి.

ఆ చివరి మాటే మమ్మల్ని ఇరికించింది. ఇచ్చినవాళ్లందరినీ పిలవాలి. సాబు కూడా ఇచ్చాడు.

"ఊకో, ఆయన్ని పిలుస్తరా ఎవరన్నా?" అన్నాడు సేఠ్.

"పిలవకపోతే తప్పు, సేఠ్," అంది ఆమె. లెక్కలో ఎంత మొండిదో ఇందులోనూ అంతే.

నన్ను వెంటబెట్టుకుని యూనివర్సిటీ ఆఫీసుకి వెళ్లింది. సాబు ఆదరంగానే కూర్చోమన్నాడు. పండుగ బాగా జరిగిందా అన్నాడు.

"మీ పంకా బాగా తిరుగుతోంది, సాబ్. ఆదివారం భోజనానికి రావాలి."

"ఎక్కడికి?"

"సైకిల్ స్టాండుకి."

సాబు ముఖం చూడవలసిందే. నాలుగైదు రంగులు మారింది. "నేను నోటీసిచ్చిన చోట నా ఫ్యానా?"

"అవును సాబ్. నోటీసు పక్కనే పెట్టాం. అక్కడే ప్లగ్గు ఉంది."

నేను కిటికీ వైపు తిరిగి దగ్గు నటించాను. సాబు ఆ ఫ్యాను తిరిగి ఇమ్మనలేడు, పండుగకిచ్చింది. ఇవ్వలేదనీ అనలేడు, ఆటోవాడు ఫోటో తీసి ఊరంతా పంపాడు. ఇంట్లో అడిగి చెబుతానన్నాడు.

ఇంట్లో అడగడమే ఆయన చేసిన పొరపాటు. ఈ ఎండల్లో ఫ్యాను ఏమైందని భార్య అప్పటికే వేధిస్తోంది. ఆదివారం ఆమె ముందు నడిచింది, ఆయన వెనక. ఆమె నేరుగా లోపలికి వచ్చి, తలుపుబల్ల పక్కన చాప మీద కూర్చుని, "ఇదేనా మా ఫ్యాను? తిరుగుడు నెమ్మదిగా ఉందే," అని మీట తిప్పింది. ఆకులో అన్నం, చింతచిగురు పప్పు పెట్టారు. మళ్లీ పెట్టించుకుంది.

సాబు మాత్రం గడప దగ్గర ఆగిపోయాడు. తాను ఖాళీ చేయమన్న కట్టడంలో తానే కూర్చుని తింటే ఎట్లా? బయట ఎండలో నిలబడి, ఆకు చేత్తో పట్టుకుని తింటున్నాడు. చెమట పప్పులో పడుతోంది. పిల్లలు గుసగుసలాడుకున్నారు. మద్దేడ్ కుర్రాడు స్టాండు ఫ్యానుని గడప దాకా జరిపి, దాని తల బయటికి తిప్పాడు.

"లోపలికి రండి, మీరు తింటుంటే మాకు గాలి లేదు," అంది భార్య.

"నేను డ్యూటీలో ఉన్నాను," అన్నాడు సాబు. ఆదివారం!

అప్పుడిక ఎవరూ ఆపుకోలేకపోయారు. సేఠ్ చేతిలో చాయ్ కెటిల్ ఊగింది. నోట్లో అన్నం పెట్టుకుని నవ్వీ నవ్వీ సాబు భార్యకి పొలమారింది. చివరికి సాబు కూడా నవ్వాడు, ఆకు చాటున.

వెళ్లేటప్పుడు ఆయన పైకి చూసి, రేకుల చిల్లులు లెక్కపెట్టినట్టు కళ్లు తిప్పి, కారెక్కాడు. తాడు దగ్గర పోగైనదానితో సగం కప్పుకి కొత్త రేకులు వచ్చాయి. తడవని సగంలో కోంటా పిల్లకి చోటు ఖాయం చేశారు. పరీక్ష రాసింది, ఫలితం రాలేదు. రాలేదు కాబట్టి ఇంకా అక్కడే కూర్చుని తర్వాతి పరీక్షకి చదువుతోంది.

నోటీసులో ఇచ్చిన గడువు దాటిపోయింది. దాన్ని రద్దు చేస్తూ కాగితమేదీ రాలేదు. ఖాళీ చేయించడానికి మనుషులూ రాలేదు. ఎప్పుడు వస్తారని అడిగితే, ఫైలు నడుస్తోందని ఆఫీసులో చెబుతున్నారు.