కుడిబుగ్గ మీది మచ్చ

మాదాపూర్‌లో వడ్రంగి దుకాణం ముందు చెక్కపొట్టు వాసన తగిలితే తాత గుర్తొస్తాడు. రజాకార్ల గొడవ సద్దుమణిగిన ఏడాది, ఖాజాగూడలో మా కిరాణా దుకాణం వెనక గదిలో అద్దెకు ఒంటరిగా ఉండేవాడు. పిల్లల పుస్తకాల బొమ్మలను చెక్కపలకల మీద చెక్కి అచ్చుకు పంపేవాడు.

ఒకరోజు పలక మీద నా ముఖం గీశాడు. పుట్టుమచ్చ ఎడమబుగ్గ మీద పెట్టాడు.

"నా మచ్చ కుడిబుగ్గకుంది తాతా. మార్చకుంటే ఇగ నీ కాడికి రాను."

"అచ్చుల సక్కగనే వస్తది బిడ్డా."

"నన్ను మోసం చెయ్యకు. దుకాణపోళ్ల పిల్లను."

తాత మచ్చ చెరిపి కుడిబుగ్గ మీద గీసి చెక్కాడు. బేరం గెలిచానని రెండు రోజులు ఎగిరాను.

పుస్తకం వచ్చింది. పలక మీది బొమ్మ అచ్చులో కుడిఎడమగా తిరగబడుతుందట. మచ్చ ఎడమబుగ్గ మీద పడింది.

బొమ్మ చెడుతుందని తాతకు తెలుసు. నేను రాకపోతే ఆ గదికి ఇంకెవరూ రారనీ తెలుసు.