సెంటర్ ఫార్వర్డ్‌నని చెప్పిన పెద్దాయన

ఆయన మాట మొదట్లో నేను నమ్మలేదు.

కెనడాలోని సర్రీలో, పెద్దవాళ్లుండే ఒక కేర్ హోమ్‌లో పదమూడేళ్లుగా కేర్ ఎయిడ్‌గా పనిచేస్తున్నాను. కాకినాడలో నర్సుని. ఇక్కడ ఆ చదువు లెక్కలోకి రాలేదు, ఈ పని దొరికింది. పెద్దవాళ్లకు స్నానాలు చేయించడం, బట్టలు తొడగడం, దగ్గర కూర్చుని తినిపించడం. ఈ పనిలో ఉన్నవాళ్లకు ఒక అలవాటు పడిపోతుంది. ఎవరేం చెప్పినా తల ఊపుతాం, లోపల మాత్రం నమ్మం. కింది అంతస్తులో ఒకావిడ తాను రాజుగారి ముందు నాట్యం చేశానంటుంది. ఎదురుగదిలో పెద్దాయన విమానాలు నడిపానంటాడు. వాళ్లబ్బాయిని అడిగితే, నాన్నకు విమానమెక్కాలంటేనే భయమని నవ్వుతాడు.

అందుకే తొంభై ఒక్కేళ్ల ఆ ఇంగ్లీషాయన, వచ్చిన రెండో రోజు నేను సాక్సు తొడుగుతుంటే, "మెల్లగా అమ్మాయ్, ఇవి ఒకప్పుడు ఊరంతా చూసిన కాళ్లు" అన్నప్పుడు కూడా తల ఊపి ఊరుకున్నాను.

"ఏం చేసేవారు?"

"ఫుట్‌బాల్ ఆడేవాణ్ణి. సరదాకి కాదు, అదే నా ఉద్యోగం. ఉత్తర ఇంగ్లండ్‌లో ఒక క్లబ్బుకి. ముందుండి గోల్స్ కొట్టే సెంటర్ ఫార్వర్డ్‌ని."

గది కలయజూశాను. భార్య ఫొటో, ఒక రేడియో, పడక్కుర్చీ. ఆటకు సంబంధించి ఒక్క ఫొటో లేదు, ఒక్క పతకం లేదు. ఏళ్లతరబడి ఆడిన మనిషి దగ్గర కాగితం ముక్కయినా ఉండదా?

ఆ సాయంత్రం ఇంటికొచ్చి చేయకూడని పని చేశాను. మా దగ్గరుండే వాళ్ల పేర్లు బయట చెప్పకూడదు. ఆయన పేరు మా ఆయనకు చెప్పాను. మా ఆయనది కరీంనగర్, ఇక్కడ బస్సు డ్రైవరు. ఫోన్‌లో వెతకడంలో దిట్ట. ఆయన చెప్పిన క్లబ్బు అభిమాని ఎవరో పాత ఆటగాళ్లందరి పేర్లతో ఒక జాబితా తయారుచేసి పెట్టాడు. అందులో ఆ పేరుంది, సెంటర్ ఫార్వర్డ్ అనీ ఉంది. మా ఆయన ఫోన్ నా ముందు పెట్టి, "మంచిగ చూడు. ఈయన కెనడాలోనే చచ్చిపోయిండని రాసుంది. మరి నువ్వు సాక్సులు తొడిగేది ఎవరికి?" అన్నాడు.

ఆ మాటతో నాలో అనుమానం బలపడింది. ఎవరో చనిపోయిన మనిషి బతుకును ఈయన తనదని చెప్పుకుంటున్నాడేమో. ఒకే కాలం, ఒకే ఊరు, మామూలు పేరు. కష్టమేమీ కాదు.

ఇక నేను పరీక్షలు మొదలుపెట్టాను. ఒకే ప్రశ్నను వారం తేడాతో తిప్పి అడిగేదాన్ని. వానలో తడిస్తే తోలు బంతి ఎంత బరువెక్కేదో, దాన్ని తలతో కొడితే దాని నోరు బిగించిన లేసు ముడి నుదుటికి ఎలా గుచ్చుకునేదో చెప్పేవాడు. ఎంత గొప్పగా ఆడినా జీతానికి ఒక హద్దు ఉండేదని, ఎండాకాలంలో ఆటలేనప్పుడు ఇటుకల బట్టీలో పనికి వెళ్లేవాడినని చెప్పేవాడు. క్లబ్బు ఆడనివ్వకపోయినా, వదిలిపెట్టకపోతే ఇంకో క్లబ్బుకు పోవడానికి వీల్లేదట. ఇవన్నీ ఎన్నిసార్లు అడిగినా మారేవి కావు. గోల్స్ సంఖ్య మాత్రం ప్రతిసారీ మారేది. నేను దాన్నే పట్టుకున్నాను. అబద్ధం అక్కడే దొరుకుతుందనుకున్నాను.

ఆదివారాలు ఆయన కూతురు వచ్చేది. అరవై దాటిన మనిషి, దగ్గర్లోని బర్నబీ నుంచి డ్రైవ్ చేసుకుంటూ వస్తుంది. ఒకసారి వరండాలో ఆపి అడిగాను. "మీ నాన్నగారు ఫుట్‌బాల్ ఆడేవారటగా?"

ఆమె ముఖం మారిపోయింది. "ఎవరు చెప్పారు మీకు?"

"ఆయనే."

"మాకెప్పుడూ చెప్పలేదే. నాకు తెలిసి నాన్న నది పక్క కలప మిల్లులో పనిచేశాడు, అంతే. ఇంట్లో టీవీలో ఫుట్‌బాల్ వస్తే లేచి వెళ్లిపోయేవాడు." ఒక్కక్షణం ఆగి, "ఆయన్ని ఇవన్నీ మీరెందుకు అడుగుతున్నారు?" అంది.

మర్నాడు మా మేనేజరు పిలిచింది. ఆయన కూతురు ఫోన్ చేసిందట. స్టాఫ్‌లో ఒకరు తన తండ్రి గతం గురించి గుచ్చిగుచ్చి అడుగుతున్నారు, కారణమేంటని. నేను తప్పు చేయలేదని చెప్పాను. కానీ పేరు ఇంట్లో చెప్పిన సంగతి గుర్తొచ్చి చెప్పిందే రెండోసారి చెప్పాను. మేనేజరు అది కనిపెట్టిందనే నా అనుమానం. ఆ తర్వాత కొన్నాళ్లు నేను ఏ గదిలోకి వెళ్లినా ఎవరో ఒకరు వెనకే వచ్చినట్టుండేది.

చలికాలం మొదట్లో ఆయన రెండుసార్లు పడ్డాడు. ఒకరోజు ఉదయాన్నే కోటు తొడుక్కుని మంచం మీద కూర్చుని, "బస్సు ఏ గేటు దగ్గరికొస్తుంది?" అని అడిగాడు. డాక్టరు వచ్చి చూశాడు. తలకు దెబ్బలేమైనా తగిలాయా, కుర్రతనంలో బాక్సింగ్, ఫుట్‌బాల్ లాంటివి ఆడారా అని అడిగాడు. నేను పక్కనే టవలు మడుస్తున్నాను.

"లేదు," అన్నాడాయన స్పష్టంగా. "జీవితమంతా మిల్లులోనే. ఆటలకు తీరికెక్కడిది?"

నా చేతులు ఆగిపోయాయి. ఆయన నా వైపు చూడలేదు.

డాక్టరు వెళ్లాక తలుపు దగ్గరికి వేశాను. "ఏది నిజం? నాకు చెప్పిందా, ఆయనకు చెప్పిందా?"

ఆయన తలుపు సరిగ్గా పడిందో లేదో చూశాడు. తర్వాత దగ్గరకు రమ్మని, "తల పాడైందని తెలిస్తే పైకి పంపిస్తారు" అన్నాడు. పైఅంతస్తులో మతిమరుపు ముదిరినవాళ్లుంటారు. నంబరు నొక్కితేగాని అక్కడ లిఫ్టు తెరుచుకోదు. "నాకు తెలుసు ఇది ఎలా జరుగుతుందో. ఒకసారి జరిగింది."

అప్పుడు చెప్పాడు. ఒక మ్యాచ్‌లో మోకాలు మెలితిరిగిందట. ఆ రోజుల్లో ఒకరికి బదులు ఇంకొకర్ని దించే పద్ధతి లేదు, కుంటుతూనే చివరిదాకా ఆడాడు. తర్వాత నొప్పి దాచిపెట్టి ఇంకో ఏడాది నెట్టుకొచ్చాడు. ఆ సంగతి తెలిసింది ఒక్కడికే. బకెట్టు, స్పాంజితో పరుగెత్తుకొచ్చి దెబ్బలు చూసే ట్రైనరుకి. అన్నలాంటివాడు, రోజూ కాలికి కట్టు కట్టేవాడు. అతనే వెళ్లి క్లబ్బు మేనేజరుకు చెప్పేశాడు. ఆ వేసవిలో క్లబ్బు వదిలేసిన వాళ్ల పట్టికలో ఈయన పేరుంది. భార్యను, పసిబిడ్డను తీసుకుని ఓడెక్కాడు. ఇక ఏ ఉత్తరానికీ జవాబివ్వలేదు.

"నీకు తప్ప ఎవరికీ చెప్పలేదు," అన్నాడు. "నువ్వు చెప్పవు కదా?"

నేను మాటివ్వలేదు. ఇవ్వలేదనే అనుకుంటున్నాను. తల ఊపానేమో. అది నా అలవాటు.

మూడు రోజులు ఆలోచించాను. తలతో వేలసార్లు ఆ బంతి కొట్టిన మనిషి అని డాక్టరుకు తెలియాలి. తెలియకపోతే ఆ పడిపోవడాలను ఇంకేదో అనుకుని మందులిస్తాడు. నేను నర్సుగా చదివినదాన్ని. నాలుగో రోజు చెప్పేశాను.

డాక్టరు మళ్లీ వచ్చి నెమ్మదిగా అడిగాడు. ఆయన డాక్టరు భుజం మీదుగా నన్నే చూశాడు. "అయితే నువ్వేనన్నమాట," అన్నాడు. ఆ రోజు నుంచి నా చేతి టీ ముట్టలేదు. నేను గదిలోకొస్తే డ్రాయరు మూసేసేవాడు. అందులో ఏమీ లేదని ఇద్దరికీ తెలుసు.

విషయం కూతురి దాకా వెళ్లింది. ఆమె ఆ జాబితా రాసిన అభిమానికి ఈమెయిల్ పెట్టింది. అతను ఎంతో నొచ్చుకుంటూ జవాబిచ్చాడట. ఎన్ని ఉత్తరాలు రాసినా బదులు రాకపోవడంతో పోయాడనుకుని అలా రాశానని, క్షమించమని. ఒక పాత టీమ్ ఫొటో కూడా పంపాడు. ఆమె దాన్ని ప్రింట్ తీసి తెచ్చి ముందు నాకే చూపించింది. వంగి ఇద్దరం చూశాం. ముందు వరుసలో మధ్యన ఒక కుర్రాడు, పెద్ద చెవులు.

"నాన్నేనా?" అంది.

"చెవులు ఆయనవే."

"ఇలాంటి చెవులు ఎవరికైనా ఉంటాయి," అంది. అప్పటికీ ఆమెకు నమ్మకం కుదరలేదు. తనకు అరవై ఏళ్లు చెప్పని తండ్రి మీద కోపమో, ముందుగా విన్న నా మీద కోపమో.

ఫొటో ఆయన చేతికిచ్చింది. ఆయన వేలు పెట్టి వరుసగా పేర్లు చెప్పుకుంటూ పోయాడు, ఒక్కటీ తడుముకోకుండా. పెద్ద చెవుల కుర్రాడి దగ్గర మాత్రం ఏమీ అనకుండా దాటేశాడు. పక్కన భుజం మీద టవలుతో నిలబడ్డ మనిషి, ఆ ట్రైనరే అయ్యుండాలి, అతని దగ్గర వేలు ఆగింది. "వీడి ముందు కుంటకు," అన్నాడు కూతురితో. ఆమె అప్పుడు ఏడ్చింది. మెల్లగా ఆయన తల నిమిరింది.

వసంతం వచ్చేసరికి ఆయన్ని పైఅంతస్తుకు మార్చారు. నేను చెప్పినందుకే మార్చారా, ఎలాగూ మార్చేవాళ్లా అని డాక్టర్ని అడిగాను. ఎలాగూ తప్పేది కాదన్నాడు. నన్ను ఓదార్చడానికి అన్నాడేమో.

ఒకరోజు బ్రేక్‌లో పైకి వెళ్లాను. కిటికీ పక్కన కూర్చుని ఉన్నాడు. టీ కప్పు అందించాను. తీసుకుంటాడో లేదో అని భయపడుతూనే ఉన్నాను. తీసుకున్నాడు.

"కొత్తగా వచ్చావా? ఏ ఊరు?"

"కాకినాడ. సముద్రం పక్కన ఊరు."

"అక్కడ ఫుట్‌బాల్ ఆడతారా?"

"ఆడతారు, ఇసుకలో."

"ఇసుకలో మోకాళ్లు పోతాయి," అంటూ పక్క కుర్చీ చూపించాడు. కూర్చున్నాను. నేను అడగకుండానే తన తొలి మ్యాచ్ గురించి చెప్పడం మొదలుపెట్టాడు. టీ మొత్తం తాగాడు.

ఆ తర్వాత నెల తిరక్కుండా నిద్రలోనే పోయాడు. ఆ రోజు నన్ను నిజంగా మరిచిపోయాడా, లేక మరిచిపోయినట్టు నటించాడా అన్నది నాకింకా తేలలేదు. ఆ కుర్చీ చూపించేటప్పుడు ఆయన నా ముఖంలోకి అవసరమైనదానికన్నా ఒక క్షణం ఎక్కువే చూశాడు.