పసుపు రంగు పడిన వీధి

ఆ వీధిలో కొట్లు నడిపేవాళ్ళకి ఒక అలవాటుండేది. చేతిలో టేపుతోనో, పలకంత ఫోనుతోనో కొత్త మనిషి ఎవరైనా మలుపు తిరిగితే చాలు, మొదటి కొట్టువాడు ఇనుప పైపు మీద టంగు టంగుమని కొట్టేవాడు. ఆ చప్పుడుకి లేత్‌లు ఆగేవి, వెల్డింగు మంటలు ఆరేవి, షట్టర్లు దిగేవి. వచ్చినవాడు పన్నులవాడా, కరెంటు తనిఖీవాడా అని అడిగి తెలుసుకునే ఓపిక ఎవరికీ లేదు. ముందు మూసెయ్యడం, తర్వాత తొంగిచూడడం.

డయల్ మామ అసలు పేరు అక్కడ ఎవరికీ గుర్తులేదు. ఎవరు ఏ షాఫ్టు తెచ్చినా ముందు దానికి డయల్ గేజి ఆనించి, ముల్లు ఎంత ఊగుతోందో చూశాకే నోరు విప్పేవాడు. "నువ్వు చెప్పేది తర్వాత వింటాను, ముందు ముల్లు ఏమంటుందో చూడనీ" అనేవాడు. లేత్ పని అతనికి ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. ఎవరి కొట్లోనో ఊడుస్తూ, చివాట్లు తింటూ, కళ్ళతో దొంగిలించి నేర్చుకున్నాడు. లేత్ అతనిదే కానీ షెడ్డు మాత్రం అతని భార్య వాళ్ళ అన్నయ్యది. ఆ బావ పక్క షెడ్డులోనే వెల్డింగు చేసేవాడు. విరిగిన షాఫ్టు వస్తే బావ అతికేవాడు, డయల్ మామ దాన్ని లేత్ మీద తిప్పి, చెక్కి నునుపు చేసేవాడు, ఎదుటి కొట్టువాడు గాడి కొట్టేవాడు. సాయంత్రానికల్లా అది పంపులో తిరిగేది. షాఫ్టు ఒక గుమ్మంలోంచి ఇంకో గుమ్మంలోకి భుజం మీదే వెళ్ళేది. ఆ పని ఏ ఒక్కరిదీ కాదు, వీధిది.

నగరం మొత్తానికి మాస్టర్ ప్లాను మార్చి రాస్తున్నారని, ఎక్కడ ఏముందో చూసుకోవడానికి మనుషులు తిరుగుతున్నారని పేపర్లో వేశారట. వీధిలో పేపరు చదివేవాళ్ళు సినిమా పేజీ దాటి ముందుకెళ్ళలేదు.

అందుకే పలకంత ఫోను పట్టుకుని ఒక అమ్మాయి మలుపు తిరగ్గానే పైపు మోగింది. డయల్ మామ షట్టరు దించి స్టూలు మీద కూర్చున్నాడు. భార్య తడిబట్టలు తెచ్చి షట్టరు మీద ఆరేసింది. బావ బనీనుతో గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయలు ముందేసుకున్నాడు.

"అంకుల్, ఈ షెడ్లలో ఏం నడుస్తుంది?" అని అడిగింది అమ్మాయి.

"ఏం నడుస్తుందమ్మా, మా మోకాళ్ళే సరిగ్గా నడవట్లేదు. అన్నీ కాపురాలే" అన్నాడు డయల్ మామ.

"మరి గుమ్మంలో ఈ నూనె మరకలు?"

"మా ఆవిడ వేపుడు చేసిందంటే వీధి దాకా చిందుతుంది!"

అమ్మాయి నవ్వింది, మంచినీళ్ళడిగి తాగింది, పలకలో ఏదో నొక్కుకుని వెళ్ళిపోయింది. ఆ వేపుడు మాట చెప్పుకుని వీధంతా రోజంతా నవ్వింది.

డయల్ మామ కొట్టు లైసెన్సు కొత్తది చేయించుకోవడానికి మునిసిపల్ ఆఫీసుకి వెళ్ళినప్పుడు తెలిసింది. "మీ వీధి పసుపులో పడింది, ఇవ్వడం కుదరదు" అన్నాడు గుమాస్తా. ప్లాను ముసాయిదా హాలు గోడకే తగిలించి ఉంది. డయల్ మామ గోడ దగ్గరికెళ్ళి చూశాడు. పసుపు అంటే ఇళ్ళు. ఊదా రంగు అంటే కార్ఖానాలు. ఆ ఊదా రంగు ఊరు దాటి, బయటి రోడ్డు కూడా దాటాక ఎక్కడో ఉంది. తన వీధి ఈ చివర నుంచి ఆ చివర దాకా పచ్చి పసుపు.

ఆ సాయంత్రమే బావ దగ్గరికెళ్ళాడు. "బావా, రేపు అభ్యంతరాలు వింటారట. అందరం కలిసి వెళ్దాం."

"నువ్వెళ్ళు బావా. నాకు నడుం పట్టేసింది."

"పొద్దున గ్యాసు సిలిండరు ఎత్తావుగా?"

"అదిగో, అప్పుడే పట్టింది."

ఇంటికొచ్చి చెబితే భార్య గిన్నె కడగడం ఆపి అంది: "మా అన్నకి పట్టింది నడుం కాదు, బిల్డరు."

మర్నాడు హాల్లో అధికారి మర్యాదగానే మాట్లాడాడు. డయల్ మామ వెనక కుర్చీలన్నీ ఖాళీ. భార్య ఒక్కతే కూర్చుంది.

"ఇళ్ళని మీ వీధివాళ్ళే చెప్పారండీ."

"అబద్ధం చెప్పాం సార్. పన్నులవాళ్ళనుకున్నాం."

"అప్పుడు చెప్పింది అబద్ధం, ఇప్పుడు చెప్పేది నిజం అంటారు. నేను దేన్ని పట్టుకోను?"

"ఒక్కసారి వచ్చి చూడండి సార్. మిషన్ కనబడుతుంది కదా."

అధికారి ఫైలు తిరగేశాడు. "షెడ్డు ఓనరు ఇళ్ళ జోనే ఉండాలని రాసిచ్చారు. ఆయన మీకేమవుతారు?"

డయల్ మామ వెనక్కి తిరిగి భార్య వైపు చూశాడు. ఆమె తల దించుకుంది.

"చుట్టమే సార్."

"ఊదా జోన్లో స్థలాలిస్తున్నారు, కనుక్కోండి."

"ఒక్కణ్ణే పోయి ఏం చెయ్యను సార్? అతికేవాడు, గాడి కొట్టేవాడు పక్కన లేకపోతే నా దగ్గరికి పని ఎవడు తెస్తాడు?"

అధికారి తర్వాతివాళ్ళని పిలిచాడు.

ఆ తర్వాత వీధిలో షట్టర్లు ఒక్కొక్కటే పడ్డాయి. ఇళ్ళున్నవాళ్ళు అద్దెకు గదులు కట్టుకున్నారు. బావ రోజూ గుమ్మం దాకా వచ్చి, లోపలికి రాకుండా, "తొందరేం లేదు బావా, నెమ్మదిగానే ఖాళీ చెయ్యి" అనేవాడు. డయల్ మామ లేత్ కొనమని తెలిసినవాళ్ళందరినీ అడిగాడు. అంత పాతది ఎవరికీ వద్దు. చివరికి పాత ఇనుము వాళ్ళొచ్చారు. షెడ్డు గోడలు మిషన్ దిగాక కట్టినవి. గుమ్మంలోంచి అది బయటికి రాదు. పోత ఇనుము గ్యాసుతో కొయ్యడానికీ లొంగదు. సమ్మెటతో పగలగొట్టి ముక్కలుగా మోసుకెళ్ళాల్సిందే.

బోల్టులు మాత్రం తనే విప్పుతానన్నాడు డయల్ మామ. షాఫ్టుని పట్టి తిప్పే చక్ ఊడదీశాడు, ఉలి బిగించే టూల్‌పోస్టు ఊడదీశాడు. ఎప్పటిలాగే మిషన్ పొడుగునా ఉన్న ఇనుప బెడ్డు తుడిచి, నూనె డబ్బా వంచి ఈ చివర నుంచి ఆ చివర దాకా పలచగా రాశాడు. సమ్మెట పట్టుకున్నవాడు చూసి చూసి అన్నాడు:

"నూనె వద్దు పెద్దాయనా. దెబ్బ జారిపోతుంది, నా కాలు విరుగుతుంది."

డయల్ మామ అతని వైపు చూశాడు. పొడిగుడ్డ తీసుకుని, రాసిన నూనెంతా మళ్ళీ తుడవడం మొదలుపెట్టాడు.