రెండో సున్నపు గుర్తు

ఎర్మెలిందాది ఎడమచేతి వాటం. ఏటి ఒడ్డునున్న గాయా ఊరి కొండవాలున, పోర్టు అనే తీపి వైన్ గిడ్డంగిలో ముప్ఫై ఎనిమిదేళ్ళు ఆమె చేసిన పని ఒక్కటే. నల్ల సీసాలను అడ్డంగా పడుకోబెట్టాక ఒక్కొక్కదాని పైవైపున సున్నంతో ఓ గీత గీసేది. ఏళ్ళ తరబడి కదలకుండా పడుకుంటే వైన్‌లోని మడ్డి అడుగుపక్కన అట్టకడుతుంది. చోటు మార్చాల్సి వస్తే గీత మళ్ళీ పైకే ఉండేలా పెట్టాలి. లేకపోతే మడ్డి లేచి అంతా కలకబారిపోతుంది. మిగతా ఆడవాళ్ళ గీతలకు తోక కుడివైపు ఉండేది, ఆమె గీతకు ఎడమవైపు. మసకచీకట్లో కూడా దాన్ని గుర్తుపట్టేవాళ్ళు.

అన్ని సీసాల మీద చెయ్యి వేసినా, ఆ ముసలి వైన్ చుక్క కూడా ఆమె నోట పడలేదు. పనివాళ్ళకు మధ్యాహ్నం పోసేది పీపాలోని కుర్ర వైన్. ముసలి సీసాలు ఓడలెక్కి పోయేవి. అందులో ఏముంటుంది, ఎలా ఉంటుంది అన్న ఆరాటం ఆమెను ఏనాడూ వదల్లేదు.

ఇంట్లో ఒక సీసా ఉంది. ఆమె పెళ్ళయిన ఏటి పంటది. గిడ్డంగివాళ్ళు కానుకగా ఇచ్చారు. దాని మీద గీత ఆమే గీసి, మెట్ల కింది గూట్లో పడుకోబెట్టింది. భర్త అదెరితు పీపాలు కట్టే మనిషి. ఇంట్లో ఏ శుభకార్యమైనా "తీద్దామా?" అనేవాడు. "యాభయ్యో పెళ్ళిరోజుకి. అప్పటిదాకా ముట్టుకున్నావో!" అనేది ఆమె. "పైకి తిరిగి పడుకున్నా బోర్లా పడుకున్నా నిద్ర నిద్రే కదే," అని ఆయన నవ్వేవాడు. ఆ యాభయ్యో పెళ్ళిరోజు ఇంకా పది వారాలుందనగా ఆయన పోయాడు.

అయినా ఆ రోజుకు సీసా తియ్యాలనే ఆమె నిశ్చయించుకుంది. మడ్డి కిందికి దిగాలంటే ముందురోజే నిలబెట్టాలి. శనివారం సాయంత్రం ఆడపడుచు ఒతీలియా టార్చి పట్టుకుంటే, గూట్లోకి వంగి సీసాను రెండు చేతులతో బయటికి తీసింది. తీసి, అలాగే నిలబడిపోయింది.

"ఒతీలియా, ఈ గుర్తు నాది కాదు."

"నీది కాకపోతే నాదా వదినా? కళ్ళజోడు పెట్టుకో."

"పెట్టుకునే ఉన్నాను. తోకేదీ?"

నిజమే. గుర్తు గుండ్రంగా, బొటనవేలితో అద్దినట్టుంది. గోటితో గీకి చూసింది. సున్నమైతే పొడిగా రాలాలి. ఇది పొరలా లేచింది. సీసాను మెల్లగా పక్కకు వంచింది. అడుగున, దుమ్ము కింద, ఎడమవైపు తోకతో ఆమె గీత.

ఏటా కొత్త సంవత్సరం నాడు టార్చి వేసి చూసేది. పైన తెల్లగా కనిపించగానే తృప్తిగా తలుపు వేసేది.

ఊడిన పొరను వేలి మీద పెట్టుకుని వంటింట్లోకి నడిచి, గోడకు ఆనించి చూసింది. అదే మీగడ రంగు.

"ఏరు ఇంట్లోకొచ్చిన చలికాలం," అంది. "నేను బ్రాగాలో మా అక్క దగ్గరున్నాను. సామానంతా ఆయనొక్కడే మేడ మీదికి చేర్చాడు. నీళ్ళు తగ్గాక వంటింటికి ఈ రంగు వేశాడు. పదకొండేళ్ళయింది."

"కిందికి తెచ్చి బోర్లా పెట్టుంటాడు. ఏం, చూసుకున్నాక మళ్ళీ తిప్పి పెట్టొచ్చుగా మా అన్నయ్య?"

"తిప్పకూడదు. ఒకసారి తిరగబడితే తప్పు, రెండోసారి తిరగబడితే వైన్ చచ్చిపోతుంది. ఆ మాట ఆయనకు వందసార్లు చెప్పింది నేనే."

సీసాను దీపానికి అడ్డుపెట్టింది. ఒక పక్క మడ్డి మందంగా, చెట్టు బెరడులా ఉంది. ఎదుటి పక్క పల్చటి తెర. ఆ తెర పదకొండేళ్ళది. వైన్ బతికుందో లేదో మాత్రం సీసా చెప్పలేదు. ఆ రాత్రి ఎర్మెలిందాకు సరిగా నిద్రపట్టలేదు.

ఆదివారం చర్చిలో పూజ నుంచి వస్తూ ఒతీలియా గొర్రెపాల జున్ను, అక్రోటుకాయలు తెచ్చింది. బిరడా రెండు ముక్కలుగా వచ్చింది. ఎర్మెలిందా పల్చని గుడ్డ మీదుగా, ఊపిరి బిగబట్టి జగ్గులోకి వంచింది. చివర నల్లటి నలక కనబడగానే ఆపేసింది.

వైన్ కలకబారలేదు. ఇన్నేళ్ళూ నల్లగా ఉంటుందనుకుంది. పాత ఇటుక రంగులో, అంచున గులాబీగా ఉంది. వాసన చూసింది. ఎండు అంజూర. ఒక గుక్క తీసుకుని కళ్ళు మూసుకుంది. తీపి ముందొచ్చింది, వెనకాల చిన్న వెచ్చదనం. అది గొంతు దిగాక ఇంకేదో మిగిలింది. ఎండకు బంక కారే కొండపొద వాసన. చిన్నప్పుడు, నది ఎగువన, మేకల వెంట పోతుంటే పావడాకు అంటుకునేది.

"చెడిపోయిందా?" ఒతీలియా ఆగలేకపోయింది.

"లేదు."

"మరి నువ్వు ముప్ఫై ఎనిమిదేళ్ళు గీసిన గీతలన్నీ దండగేనా?"

ఎర్మెలిందా కత్తి అందుకుంది. జున్ను ముక్క కోసి ఆమె చేతిలో పెట్టింది.

"నిజం చెప్పు వదినా, అన్నయ్య అప్పుడే ఒప్పుకునుంటే ఏం చేసేదానివి?"

"నెలరోజులు మాట్లాడేదాన్ని కాదు."

"చూశావా! రవ్వంత గోడ రంగుతో నెలరోజుల మౌనం తప్పించుకున్నాడు. మా వాడు తెలివైనవాడే."

ఎర్మెలిందాకు నవ్వొచ్చింది, ముక్కు కూడా చీదుకోవలసి వచ్చింది. రెండో గుక్క తీసుకుని చాలాసేపు నోట్లోనే ఉంచుకుంది. మింగి, నొసలు ముడిచింది.

"ఏమైంది?"

"ఆయన తిప్పింది ఇందులో ఎక్కడుందా అని చూస్తున్నా."

"దొరికిందా?"

"లేదు," అంటూ గ్లాసు ముందుకు జరిపింది. "ఇంకొంచెం పొయ్యి."